అబ్బా చెట్టు ఎందుకు ఎండింది

2025లో ఉగాదీ ఈదుల్ ఫిత్రూ పక్కపక్క రోజుల్లో వచ్చాయి. మార్చి 30న ఉగాది, 31న ఈద్. ఉగాది పొద్దున మా గల్లీ పిల్లలు వేపపువ్వు కోసం మా ఇంటి ముందు చెట్టెక్కారు. ఏటా ఎక్కేదే. అమ్మీ బయట కుర్చీ వేసుకుని "పువ్వు తెంపుకోండి గానీ కొమ్మలు విరగ్గొట్టకండ్రా" అని కేకలేస్తూ కూర్చుంది. మర్నాడు నేను ఈద్‌గాహ్ నుంచి అటే కబ్రస్తాన్‌కి పోయి, అబ్బా కబర్ దగ్గర ఫాతెహా చదివి ఇంటికొచ్చాను. అమ్మీ షీర్ ఖుర్మా కటోరా చేతికిస్తూ అడిగింది.

"అబ్బా చెట్టు పూసిందా బేటా?"

"పూసింది అమ్మీ" అన్నాను, కటోరాలోకి చూస్తూ.

నెల్లాళ్లు రోజాలుండి, ఈద్ పొద్దున్నే అమ్మీకి ఝూట్ చెప్పాను. అబ్బా చెట్టు పూయలేదు. ఊళ్లో వేపచెట్లన్నీ రాగిరంగు చిగుళ్లేసి పూతమీదున్నాయి. అబ్బా చెట్టుకి మాత్రం ఒకవైపు రెండు కొమ్మలకి నాలుగు చిగుళ్లున్నాయి. మిగతాదంతా కట్టె.

ఆ చెట్టు సంగతి మొదట్నుంచీ చెప్పాలి. మాది నల్గొండ జిల్లాలో చిన్న టౌన్. 2021 రంజాన్ ఆఖరి అష్రాలో అబ్బా పోయారు. కరోనా రెండో వేవ్. మామూలుగా నెలకి రెండో మూడో జనాజాలొచ్చే మా కబ్రస్తాన్‌లో ఆ ఏప్రిల్, మే నెలల్లో గోర్కన్‌కి పార కింద పెట్టే టైం దొరకలేదు. ముప్పై ఏళ్లు ఉర్దూ మీడియం స్కూల్లో పాఠాలు చెప్పి, సగం ఊరికి అలిఫ్ బే నేర్పిన మనిషి జనాజాలో ఏడుగురమే ఉన్నాం.

వానలు పడ్డాక కమిటీవాళ్లు ఒక మాట అనుకున్నారు. ఆ రెండు నెలల్లో పోయినవాళ్ల పేరున ఇంటికో చెట్టు పెడదామని. మర్హూంలకి సవాబ్, బతికున్నవాళ్లకి నీడ. చెట్టు నాటితే దాన్నుంచి పిట్ట తిన్నా మనిషి తిన్నా నాటినవాడికి సదఖా అని మనందరికీ చిన్నప్పట్నుంచీ తెలిసిన హదీసే కదా. ఒక నర్సరీ నుంచి ట్రాలీలో మొక్కలు తెచ్చారు. వేప, కానుగ, నేరేడు కలిపి నలభై. గుంటలు గోర్కన్‌తోనే తవ్వించారు. అబ్బా మొక్క నేనే నాటాను. పేపరాఫీసుకి రెండు గంటలు పర్మిషన్ పెట్టి వెళ్లి, నాటి, ఫొటో దిగి, అమ్మీకి వాట్సాప్‌లో పంపి మళ్లీ డ్యూటీకి పోయాను.

మూడేళ్లు బాగానే ఉన్నాయి. పోయిన ఏడాది నుంచి ఒక్కోటీ వాడటం మొదలైంది. ఆకులు చిన్నవైపోవడం, కొనలు ఎండిపోవడం, కాలం కాని కాలంలో ఆకు రాలిపోవడం. ఈ ఈద్ నాటికి పదకొండు చెట్లు చావుబతుకుల్లో ఉన్నాయి.

చెట్టు ఎండితే చెట్టు ఎండిందంటారు. కబర్ పక్కన చెట్టు ఎండితే జనం వేరే మాటలంటారు. రసూలుల్లాహ్ (స) రెండు కబర్ల పక్కనుంచి వెళ్తూ, లోపలివాళ్లకి అజాబ్ జరుగుతోందని చెప్పి, పచ్చి ఖర్జూరపు మట్టని రెండుగా చీల్చి చెరో కబర్ మీదా నాటారనీ, అవి ఎండేదాకా వాళ్లకి తేలికవుతుందేమో అన్నారనీ హదీసులో ఉంది. దాన్ని పట్టుకుని మా ఊళ్లో కొందరు తిరగేసి లెక్కలు కట్టారు. ఎవరి చెట్టు పచ్చగా ఉంటే వాళ్లు సుఖంగా ఉన్నట్టట. ఎవరిది ఎండితే... ఆ మాట నోటితో పూర్తి చేయరు. "తౌబా తౌబా" అని చెంపలేసుకుంటారు, అంతే.

కబ్రస్తాన్ మూల పంపు దగ్గర ఒక కుర్రాడి కబర్ ఉంది. ఆటో నడిపేవాడు. ఇరవై ఆరేళ్లకే కరోనాతో పోయాడు. ఎప్పుడన్నా తాగేవాడని పేరు. అందరికంటే ముందు ఎండటం మొదలైంది అతని కానుగే. "చూశారా మరి" అనుకున్నారు జనం. అతని అమ్మ మా ఇంటికొచ్చి అమ్మీ దగ్గర ఏడ్చి పోయిందని నాకు తర్వాత తెలిసింది.

ఈద్ రోజు సాయంత్రమే నా ఝూట్ బయటపడింది. తమ్ముడి కొడుకు ఫోన్లో ఫొటో చూపించేశాడు. అమ్మీ నన్నేమీ అనలేదు. మగ్రిబ్ అయ్యాక జానమాజ్ మడవకుండా అట్లాగే కూర్చుని మెల్లిగా అడిగింది.

"మీ అబ్బా ఎవరి మనసన్నా కష్టపెట్టారేమో బేటా? ఎవరికన్నా బాకీ ఉన్నారేమో, నీకేమైనా చెప్పారా?"

నలభై రెండేళ్లు కాపురం చేసిన మనిషి గురించి, ఒక ఎండుకొమ్మను చూసి, ఆమెకి అనుమానం వచ్చింది. అబ్బా పోయిన రోజు కూడా నాకంత కష్టం కాలేదు.

మర్నాడే జామె మస్జిద్ ఇమామ్ సాబ్ దగ్గరికి పోయాను. ఆయన సాఫ్‌గా చెప్పారు. ఆ తేలిక రసూలుల్లాహ్ దువా వల్లా, ఆయన చేతి బర్కత్ వల్లా అని చాలామంది ఉలమా చెప్పారు, అది మన వేపచెట్టుకి కట్టేసిన లెక్క కాదు, ఎండిన కొమ్మ చూసి మయ్యత్ మీద ఫైసలా చేసే హక్కు ఎవరికీ లేదు అని. ఆ మాట అమ్మీకి చెప్పాను. తలూపింది. కానీ మళ్లీ అడిగింది. "సరే. మరి ఎందుకు ఎండింది?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో మాత్రం చాలా జవాబులున్నాయి. 2021 వానాకాలం తర్వాత తెలంగాణ అంతటా వేపచెట్లు కొనల నుంచి మాడిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే బూజు జాతి తెగులు. అప్పుడు దాని మీద వార్తలు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. కాబట్టి "వేప రోగం మళ్లీ వచ్చింది" అని నేనే నలుగురికి చెప్పాను. సదర్ సాబ్‌ది ఇంకో ఆలోచన. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు కదా, ఆ ఫొటో ఆయన ఫోన్లో ఇంకా ఉంది. "మనం కూడా బాటిళ్లు కడదాం మియా" అన్నారు. ఇంకొకరు ఎరువన్నారు, ఇంకొకరు నీళ్లు చాలట్లేదన్నారు. అంతా మందు చెప్పేవాళ్లే. మర్జ్ ఏంటో చూసినవాడు లేడు.

అప్పుడు మా మామూ గుర్తొచ్చారు. అమ్మీ తమ్ముడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద తోటలో ముప్పై నాలుగేళ్లు మాలీగా చేసి రిటైరయ్యారు. చదువు ఏడో జమాత్. ఫోన్ చేస్తే జుమ్మా రోజు పొద్దున బస్సు దిగారు, సంచిలో ఒక ఖురపీ, ఒక ఉలి, ఒక కత్తెరతో.

కబ్రస్తాన్‌కి రాగానే ఆయన ఏ చెట్టునీ ముట్టుకోలేదు. గేటు దగ్గర నిలబడి నన్నే సవాళ్లడిగారు. ఎప్పుడు నాటారు? కవర్ మొక్కలేనా? గుంటలెవరు తవ్వారు? గడ్డి ఎవరు తీస్తారు, దేంతో తీస్తారు? దారి మీద ఈ మొరం ఎప్పుడు పోశారు?

"చెట్టు చూడండి మామూ" అన్నాను.

"హకీం నబ్జ్ పట్టుకునే ముందు ఏం తిన్నావని అడగడా? చెట్టుకి నోరు లేదు, నీకుంది. చెప్పు" అన్నారు.

ఆ తర్వాత చెప్పిన మాట నా వార్తని కొట్టేసింది. "ఒకే జాతి చెట్లు ఎండుతూ పక్కన వేరే జాతి బాగుంటే అది రోగమో పురుగో కావచ్చు. ఇక్కడ వేపా, కానుగా, నేరేడూ మూడూ ఎండుతున్నాయి. మూడు జాతులకీ ఒకేసారి అంటే ముందు రోగాన్ని పక్కన పెట్టి మట్టీ, నీళ్లూ, మనిషి చేతులూ చూడాలి. ఎక్కువగా మనిషి చేతులే."

ఇద్దరం ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతూ తిరిగాం. ఎండినట్టున్న ప్రతి కొమ్మనీ ఆయన గోరుతో గీకి చూశారు. పైపొర కింద పచ్చగా తడిగా ఉంటే ప్రాణముంది, గోధుమరంగులో పొడిగా ఉంటే లేదు. "ఫిబ్రవరిలో వేప తనంతట తానే ఆకు రాలుస్తుంది. షబే బరాత్‌కి వచ్చి చూసి చచ్చిపోయిందనుకునేవాళ్లు చాలామంది. చిగురేసే టైం దాకా ఆగి, గోరుతో గీకి, అప్పుడు మాట్లాడాలి" అన్నారు.

గోడ వెంబడి నాలుగు చెట్లకి ఒక పక్క కొమ్మలే ఎండాయి. ఎండిన వైపు మొదలు దగ్గర బెరడు పగిలి పెచ్చులుగా లేస్తోంది. మామూ ఖురపీతో పెచ్చు లేపితే లోపల నల్లగా ఉంది. రెండేళ్ల కింద షబే బరాత్‌కి ముందు సఫాయి అని గోడ పక్క గడ్డికి నిప్పు పెట్టారు. మంట నిమిషంలో దాటిపోయింది, చెట్లు పచ్చగానే ఉన్నాయి కదా అనుకున్నాం. లేత చెట్టు బెరడు పల్చన. దాని కింద ఆహారం నడిచే పొర ఆ వేడికే ఉడికిపోతుంది. పైన తెలియడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది.

తూర్పు పక్క రెండు నేరేళ్లకి ఆకులు సన్నగా గుత్తులు గుత్తులుగా వచ్చాయి. పోయిన ఏడాది నుంచి మంట మానేసి గడ్డిమందు కొడుతున్నారు. లేత చెట్ల బెరడు ఇంకా పచ్చగా ఉంటుంది, ఆకు లాగే అదీ మందు పీల్చుకుంటుంది.

దారి పక్క మూడింటి దగ్గర మామూ ఇనప సలాక తీసుకుని నేలలోకి నొక్కారు. నాలుగేళ్ల లోతు కూడా దిగలేదు. జనాజాలు బురదలో జారకుండా మొరం పోసి రోలర్ తిప్పించాం, మొదళ్ల దాకా. కిందున్న వేర్లకి గాలీ లేదు, నీళ్లూ లేవు.

పంపు దగ్గర ఆటో కుర్రాడి కానుగ. ఆకులు వాడి వేలాడుతున్నాయి. వాడిందని అతని అమ్మ రోజూ కొడుకుల చేత రెండు బిందెలు పోయిస్తోంది. మామూ జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. కుళ్లిన వాసన. వుజూ పంపు నీళ్లన్నీ పల్లంలోకి అక్కడికే చేరుతున్నాయి. "వేర్లు కూడా శ్వాస తీసుకుంటాయి. మట్టిలో గాలి ఉండే సందుల్లో నీళ్లు నిలిస్తే వేర్లు మునిగి చస్తాయి. వేరు చచ్చాక నీళ్లు పైకి తీసేదెవరు? అందుకే మునిగిన చెట్టూ దాహంతో ఎండిన చెట్టూ పైకి ఒకేలా కనబడతాయి. ఆకు చూసి నీళ్లు పోయొద్దు, మట్టి ముట్టుకుని పోయాలి."

అందరికంటే ముందు ఎండిన చెట్టు అది. గునాహ్ లేదు, ఏమీ లేదు. పల్లం.

ఆఖరికి అబ్బా దగ్గరికి వచ్చాం. మామూ సలాం చెప్పి ఫాతెహా చదివారు. తర్వాత చెట్టు మొదలుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపారు. పైన కాదు, నేల దగ్గరే కదిలింది.

"దీని గలా ఎక్కడుంది?" అన్నారు.

నాకర్థం కాలేదు. మా ఇంటి ముందు చెట్టు గుర్తు చేసుకోమన్నారు. ఏ చెట్టైనా నేలని తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. అక్కడినుంచి వేర్లు విడిపోతాయి. దాన్ని ఆయన గలా అంటారు. అది నేలమీద కనబడాలి. అబ్బా చెట్టు కరెంటు స్తంభం పాతినట్టు నిటారుగా మట్టిలోకి దిగిపోయింది. దారి పక్క ఒకటి, గేటు దగ్గర రెండు కూడా అట్లాగే ఉన్నాయని అప్పుడు గమనించాను.

"గుంటలు గోర్కన్ తవ్వాడన్నావు కదా" అన్నారు మామూ. "పాపం, అతనికి తెలిసిన లోతే తవ్వాడు. పడుకోబెట్టడానికి తవ్వే లోతు వేరు, నిలబెట్టడానికి తవ్వే లోతు వేరు. మొక్క సంచిలో మట్టి ఎంత ఎత్తుందో గుంట అంతే లోతు చాలు. వెడల్పు మాత్రం మూడింతలు కావాలి. వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల్లోనే పక్కలకి పాకుతాయి."

ఖురపీతో మొదలు చుట్టూ మట్టి తీయడం మొదలుపెట్టారు. వేర్లు తెగకుండా, కబర్ మట్టి కదలకుండా, మెల్లిగా. జానెడు తీసినా గలా రాలేదు. లోపలి బెరడు తడికి మెత్తబడి ఉంది. మూరెడు దాకా తీశాక ఖురపీకి ఏదో జారుడుగా తగిలింది. నల్ల పాలిథిన్.

మామూ నావైపు చూడలేదు. నేనే కూర్చుని ఆ కవర్ అంచు పట్టుకుని లాగాను. రాలేదు. నాలుగేళ్ల కింద ఆ కవర్ని ఆఫీసు బైక్ తాళంచెవితో చీల్చింది నేనే. పక్కన కూడా చీలిస్తే మట్టిముద్ద విడిపోతుందేమోనని అడుగు మాత్రం చింపి, వేర్లు కిందనుంచి పోతాయిలే అనుకుని గుంటలో దించేశాను. టైం లేదు. సాయంత్రం ఎడిషన్‌కి కరోనా లెక్కలు ఇవ్వాలి.

కవర్ లోపల వేర్లు బయటికి దారి లేక గుండ్రంగా తిరిగాయి. చిన్నప్పుడు దారప్పోగులా ఉన్నవి లావెక్కాయి. బొటనవేలంత వేరొకటి మొదలుని చుట్టి ఉరితాడులా బిగుసుకుంది. మొదలు లావయ్యే కొద్దీ ఆ వేరూ లావైంది. నీళ్లు పైకి వెళ్లే దారీ, ఆహారం కిందికి వచ్చే దారీ రెండూ అక్కడే నొక్కుకుపోయాయి. వేరు నొక్కని వైపున్న రెండు కొమ్మలకే ఆ నాలుగు చిగుళ్లు.

"మూడేళ్లు బాగానే ఉంది కదా మామూ" అన్నాను.

"బాగా కనబడింది. మొక్క నాటిన రోజు చేసిన తప్పు నాలుగో ఏడో ఐదో ఏడో పైకొస్తుంది. అప్పటికి నాటినవాడు మరిచిపోయి ఉంటాడు. అందుకే నసీబ్ అంటాడు, నజర్ అంటాడు."

ఆ రాత్రి అమ్మీకి చెప్పాను. కవర్ ముక్క కడిగి ఇంటికి తెచ్చాను, చూపించాను. "అబ్బా ఎవరికీ బాకీ లేరు అమ్మీ. ఇది నేను చేసింది. తొందరలో."

అమ్మీ ఆ నల్ల ముక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నన్ను తిట్టలేదు. "ఆ కుర్రాడి అమ్మకి చెప్పావా?" అని మాత్రం అడిగింది. ఇంకా లేదన్నాను. "ఇప్పుడే పోయి చెప్పు. ఇషా అయ్యాక పోదాంలే అనుకోకు" అంది.

పోయి చెప్పాను. నీళ్లు నిలిచి పోయిందనీ, దానికీ అతనికీ ఏ సంబంధమూ లేదనీ, ఇక బిందెలు పోయొద్దనీ. ఆమె దుపట్టా నోటికడ్డం పెట్టుకుని విని, "మళ్లీ ఒకసారి చెప్పు బేటా" అంది. మళ్లీ చెప్పాను. జుమ్మా బయాన్ తర్వాత ఇమామ్ సాబ్ మైకులో అందరికీ చెప్పారు. ఎవరి చెట్టు ఎందుకు ఎండిందో ఒక్కోటీ పేరు లేకుండా వివరించి, మయ్యత్‌ల గురించి బద్‌గుమానీ మానుకోమన్నారు.

చేయగలిగినవి చేశాం. పంపు నీళ్లకి కాలువ తీశాం. దారి పక్క మొరాన్ని చెట్ల మొదళ్లకి మూడడుగుల దూరం దాకా గడ్డపారతో లేపేశాం. మట్టి ఎక్కువైన చోట గలా కనబడేదాకా తీశాం. మొదలుకి ఆనకుండా చుట్టూ ఎండాకు పరిచాం. నిప్పూ గడ్డిమందూ రెండూ బంద్, గడ్డి కొడవలితోనే అని కమిటీ తీర్మానం రాసుకుంది. సెలైన్ సీసాల ఖర్చు తప్పిందని సదర్ సాబ్ ఖుష్. పదకొండింటిలో ఆరు ఆ వానాకాలం తేరుకున్నాయి. ఆటో కుర్రాడి కానుగ అందులో ఒకటి. మిగతా ఐదు పోయాయి.

అబ్బా చెట్టు ఆ ఐదింటిలో ఉంది. మామూ ఉలితో ఆ చుట్టువేరుని రెండుచోట్ల తెగ్గొట్టి, కవర్ అందినంతా తీశారు. "రెండో ఏడే చూసి ఉంటే బతికేది" అన్నారు. జూన్ దాకా చూశాం. గోరుతో గీకితే ఎక్కడా పచ్చ లేదు.

జూన్ ఆఖర్లో మా ఇంటి ముందు వేపపళ్లు రాలాయి. అమ్మీ తనే ఏరి, గుజ్జు కడిగి, గింజల్ని నీడలో ఆరబెట్టింది. వేప గింజ ఎక్కువ రోజులు ఆగదు, వారం పది రోజుల్లో నాటేయాలని మామూ ఫోన్లో చెప్పారు. కవర్లో పెంచకుండా ఉన్నచోటే గింజ పెడితే తల్లివేరు తిన్నగా దిగుతుంది, ఉరి పడే భయముండదు. అబ్బా కబర్‌కి నాలుగడుగుల అవతల వేలిలోతు గుంట చేసి ఐదు గింజలు పెట్టాను. మూడు మొలిచాయి. బలంగా ఉన్నదొకటి ఉంచి మిగతావి తీసేశాను. ఇప్పుడు రెండు జానల ఎత్తుంది. మేకలు రాకుండా ముళ్లకంప కట్టాను.

మీ ఊళ్లో కూడా ఎవరి పేరునో నాటిన చెట్టు ఉండే ఉంటుంది. కబ్రస్తాన్‌లోనో, మస్జిద్ సహన్‌లోనో, ఇంటి ముందో. ఈసారి వెళ్లినప్పుడు ఆకులు చూడటానికి ముందు వంగి మొదలు చూడండి. గలా కనబడుతోందా? కట్టిన తాడు కోసుకుపోతోందా? మట్టిలో కవర్ అంచు ఏదైనా తగులుతోందా? రెండేళ్లలోపుదైతే ఇంకా చేతిలో పనే.

అమ్మీ ప్రతి జుమ్మాకీ ఫొటో అడుగుతుంది. చెట్టు ఫొటో చాలదట, మొదలు కూడా కనబడాలట. వంగి తీసి పంపుతున్నాను.